హర్యానా కుస్తీ పిల్లలు పోగొట్టుకున్న ఏడాది

2024 జనవరి 3న ఢిల్లీ జంతర్‌మంతర్‌కి బస్సుల్లో కొన్ని వందలమంది కుర్రాళ్లు, అమ్మాయిలు వచ్చారు. హర్యానా, పశ్చిమ ఉత్తరప్రదేశ్, ఢిల్లీ అఖాడాల్లో కుస్తీ నేర్చుకునే జూనియర్లు వాళ్లు. అంతకు ఏడాది ముందు, 2023 జనవరి 18న, రెజ్లర్లు వినేశ్ ఫోగాట్, సాక్షి మలిక్, బజరంగ్ పునియా ధర్నాకు కూర్చున్నది కూడా అక్కడే. భారత కుస్తీ సమాఖ్య అప్పటి అధ్యక్షుడు బ్రిజ్‌భూషణ్ శరణ్ సింగ్ మహిళా రెజ్లర్లను లైంగికంగా వేధించాడన్నది వాళ్ల ఆరోపణ. ఆయన దాన్ని ఖండించాడు. ఏడాది తర్వాత వచ్చిన పిల్లలు మాత్రం ఆ ముగ్గురికి వ్యతిరేకంగానే నినాదాలిచ్చారు. మీ గొడవలో మా ఏడాది పోయిందన్నది వాళ్ల గోడు.

ఆ చీలిక మీద ఇద్దరి వాదన ఇది. ఒకరు రాష్ట్ర జూనియర్ జట్లను నేషనల్స్‌కు తీసుకెళ్లి, ఇప్పుడు రిటైరైన తెలుగు వ్యాయామ ఉపాధ్యాయుడు. మరొకరు ఆయన దగ్గరే చదువుకుని, ఢిల్లీలో క్రీడల కేసులు చూస్తున్న లాయరు. ఇద్దరూ ఊహించిన వ్యక్తులే. వాళ్లు చర్చించే సంగతులు మాత్రం జరిగినవి.

మాస్టారు: ముందు ఆ పిల్లల వైపు నుంచి చూడమ్మా. కుస్తీలో అండర్-15, అండర్-17, అండర్-20 అని వయసు విభాగాలు. 2023లో ఇరవై ఏళ్లున్న కుర్రాడికి ఆ ఏడాది నేషనల్స్ జరగలేదంటే, అండర్-20 పతకం ఇక జన్మలో రాదు. మరుసటేడు వాడు తనకంటే పెద్దవాళ్లతో తలపడాల్సిందే. హర్యానాలో ఆ సర్టిఫికెట్ ఉంటేనే స్పోర్ట్స్ గ్రేడేషన్. గ్రేడేషన్ ఉంటేనే కోటాలో కాలేజీ సీటు, ప్రభుత్వ ఉద్యోగం. రవి దహియా నాన్న కౌలు రైతు. సోనీపత్ జిల్లా నాహరీ నుంచి ఢిల్లీ ఛత్రసాల్ స్టేడియానికి కొడుకు కోసం పాలూ, పండ్లూ మోసుకెళ్లేవాడు. ఆ కొడుకు టోక్యో ఒలింపిక్స్‌లో వెండి పతకం తెచ్చాడు కాబట్టి ఆ తండ్రి మనకు తెలుసు. పతకం తేలేకపోయిన పిల్లల తండ్రులూ అంతే మోశారు. వాళ్లందరి ఏడాది కష్టానికి 2023లో పోటీయే లేకుండా పోయింది. ఆంబోతుల పోట్లాటలో లేగల కాళ్లు విరగడమంటే ఇదే.

లాయరు: పిల్లలకు నష్టం జరిగిందన్న మాట కాదనను మాస్టారూ. ఆ సామెత దగ్గరే నాకు పేచీ. రెండు ఆంబోతులంటే రెండువైపులా బలం ఉన్నట్టు. 2023 ఏప్రిల్‌లో ఏడుగురు మహిళా రెజ్లర్లు, అందులో ఒకరు అప్పటికి మైనరు, పోలీసులకు ఫిర్యాదిచ్చారు. ఎఫ్‌ఐఆర్ నమోదు చేయించడానికే సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సొచ్చింది. కేసు నమోదు కోసం దేశపు అత్యున్నత న్యాయస్థానం గడప తొక్కాల్సినవాళ్లను, ముప్పై ఏళ్లుగా రాజకీయాల్లో ఉన్న అప్పటి ఎంపీతో సమానం చేసి ఒకే సామెతలో ఎలా కూర్చోబెడతారు?

మాస్టారు: సరే, సామెత వెనక్కి తీసుకుంటాను. నష్టం మాత్రం వెనక్కి పోదు కదా. ధర్నా జరగకపోతే నేషనల్స్ జరిగేవి.

లాయరు: నేషనల్స్ ఆపమని ఫిర్యాదుల్లో లేదు. ఏం జరిగిందో వరుసగా చూడండి. 2023 ఏప్రిల్ చివర్లో భారత ఒలింపిక్ సంఘం అడ్‌హాక్ కమిటీ వేసింది. సమాఖ్య ఎన్నికలు త్వరగా జరిపించడం దాని పని. జూన్‌లో అస్సాం సంఘం తమకు ఓటు కావాలని వెళితే గౌహతి హైకోర్టు స్టే ఇచ్చింది. అది తొలగి ఆగస్టు 12కి పోలింగ్ పెట్టుకుంటే, సరిగ్గా ముందురోజు పంజాబ్-హర్యానా హైకోర్టు మళ్లీ ఆపింది. ఎందుకో తెలుసా? హర్యానా తరఫున ఓటు వేసే హక్కు ఏ సంఘానిదన్న తగాదా వల్ల. ఒకే రాష్ట్రంలో రెండు కుస్తీ సంఘాలు, ఓటు కోసం పోరు. ఎన్నికల గడువు దాటిందని ప్రపంచ కుస్తీ సమాఖ్య ఆగస్టు 23న భారత సమాఖ్యను సస్పెండ్ చేసింది. సెప్టెంబరులో బెల్‌గ్రేడ్ ప్రపంచ పోటీల్లో మన రెజ్లర్లు మువ్వన్నెల జెండా లేకుండా బరిలోకి దిగారు. ఇందులో వినేశ్ తప్పెంత? ఓటు కోసం కోర్టుకెక్కిన పెద్దల తప్పెంత?

మాస్టారు: రెండు సంఘాల పోరు నేనూ సమర్థించను. నా బాధ వేరు. కుస్తీ ఒంటరిగా నేర్చుకునే విద్య కాదమ్మా. పరుగు నేర్చుకునేవాడికి దారి చాలు. కుస్తీవాడికి రోజూ తన ఒళ్లు అప్పగించే జోడీ కావాలి. పట్టు నేర్పడానికి మీదపడే మనిషి, మెడ విరగకుండా వదిలే మనిషి. రేపు నిన్ను ఓడించబోయేవాడే ఈరోజు నీకు పట్టు నేర్పుతాడు. ఛత్రసాల్‌లో రవి, అమన్ సెహ్రావత్ అలాంటివాళ్లే. రవిని ఆదర్శంగా పెట్టుకుని అదే హాల్లో పెరిగినవాడు అమన్. 2024 మార్చి ట్రయల్స్‌లో 57 కిలోల్లో ఆ రవినే 14–13తో ఓడించాడు. పారిస్‌లో ఇరవై ఒక్కేళ్లకు కంచు పతకం గెలిచాడు. రవికి ఒలింపిక్స్ పోయింది. అయినా అదెవరూ మోసమనలేదు. మా కుస్తీ ప్రపంచానికి అంత శక్తి ఉంది. గురువులు, ఊరి పెద్దలు కూర్చుని మాట్లాడితే ఈ గొడవా తేలేది. రోడ్డెక్కడంతో రోహ్‌తక్, సోనీపత్ ఊళ్లు రెండుగా చీలాయి. నీ పక్షమేదో చెప్పమని పద్నాలుగేళ్ల పిల్లని అడిగే స్థితి వచ్చింది.

లాయరు: పెద్దలు కూర్చుంటే తేలేదంటారా? ఆడపిల్ల అఖాడాలో అడుగుపెట్టిన రోజు పెద్దలు ఏమన్నారో గుర్తు చేసుకోండి. మాస్టర్ చందగీరామ్ 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో బంగారం గెలిచిన మహామల్లుడు. ఆయన తన కూతుళ్లకు కుస్తీ నేర్పితే ఆయన్నే తప్పుపట్టారు. బలాలీలో మహావీర్ ఫోగాట్‌కూ అదే ఎదురైంది. రోహ్‌తక్ ఛోటూరామ్ స్టేడియంలో ఈశ్వర్ దహియా అమ్మాయిల్ని చేర్చుకున్నప్పుడూ అంతే. అక్కడ నేర్చుకున్న సాక్షి రియోలో పతకం తెచ్చాక పొగిడిన నోళ్లే అంతకుముందు వద్దన్నాయి. ఆ ముగ్గురు గురువులూ పెద్దల మాట వినలేదు కాబట్టి ఈరోజు హర్యానా అమ్మాయిలు ప్రపంచ పోటీల్లో పతకాలు తెస్తున్నారు. వేధింపు విషయంలో మాత్రం ఆ పెద్దల పంచాయతీనే నమ్మమంటారా?

మాస్టారు: నువ్వు చెప్పిన ముగ్గురూ గురువులే కదా! ఆడపిల్లల కోసం ఊరితో పోరాడినవాళ్లు అఖాడాలోంచే వచ్చారు. చట్టం తేలేదు వాళ్లని.

లాయరు: ఒప్పుకుంటాను. మంచి గురువు దొరికితే అంతకన్నా అదృష్టం లేదు. దొరకకపోతే ఏమిటన్నదే నా ప్రశ్న. 2021 ఫిబ్రవరిలో రోహ్‌తక్‌లో ఒక కోచ్, తన మీద మహిళా రెజ్లర్ల ఫిర్యాదుతో ఉద్యోగం పోయిందన్న కక్షతో అఖాడాలో కాల్పులు జరిపాడు. తోటి కోచ్, ఆయన భార్య, వాళ్ల చిన్న పిల్లవాడు సహా ఆరుగురు చనిపోయారు. కోర్టు అతనికి మరణశిక్ష వేసింది. అదే ఏడాది మేలో ఛత్రసాల్‌లో కొట్టిన దెబ్బలకు ఒక మాజీ జూనియర్ చాంపియన్ ప్రాణం పోయింది. ఆ కేసులో రెండు ఒలింపిక్ పతకాల సుశీల్ కుమార్ అరెస్టయ్యాడు, విచారణ నడుస్తోంది. నవంబరులో సోనీపత్ జిల్లా హలాల్‌పూర్ అకాడమీలో ఒక యువ రెజ్లర్‌ను, ఆమె తమ్ముణ్ణి కాల్చి చంపారు. ఒకే ఏడాదిలో మూడు ఘోరాలు. ఈ మూడు చోట్లా పిల్లలు పెద్దవాళ్ల చేతికి ఒళ్లప్పగించి నేర్చుకున్నవాళ్లే. ఆ నమ్మకం వమ్మైతే చెప్పుకోవడానికి బయట ఒక మనిషైనా ఉన్నాడా?

మాస్టారు: ఆ మూడు ఘటనలతో వేలమంది గురువుల్ని ఒకే గాటన కట్టెయ్యకు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, పైసా తీసుకోకుండా ఊరి పిల్లలకు నేర్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మన హైదరాబాద్ పాతబస్తీ తాలింఖానాల్లోనూ అలాంటి వస్తాదుల్ని చూశాను. (కాసేపు ఆగి) కానీ ఒక మాట నిజం. అఖాడాలో తప్పు జరిగితే గురువుకే చెప్పాలి. తప్పు గురువుదే అయితే ఎవరికి చెప్పాలో మేమెప్పుడూ ఆలోచించలేదు.

లాయరు: ఆలోచించాల్సింది సమాఖ్య. పని చేసే చోట వేధింపుల ఫిర్యాదు వినడానికి అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. దేశంలో 30 క్రీడా సమాఖ్యల్లో 15 చోట్ల అది చట్టం చెప్పినట్టు లేదన్న వార్త మీద 2023 మేలో జాతీయ మానవ హక్కుల సంఘం నోటీసులిచ్చింది. కుస్తీ సమాఖ్య కూడా ఆ జాబితాలో ఉంది. లోపల చెప్పుకునే చోటు లేకే జంతర్‌మంతర్‌కి వచ్చారు.

మాస్టారు: బాగానే ఉంది. న్యాయం అడిగి రోడ్డెక్కినవాళ్లు మరి న్యాయంగా నడుచుకున్నారా? 2023 జులైలో ఆసియా క్రీడలకు ట్రయల్స్ పెట్టారు. అడ్‌హాక్ కమిటీ ఏం చేసింది? 53 కిలోల్లో వినేశ్‌కు, 65లో బజరంగ్‌కు ట్రయల్స్ లేకుండా నేరుగా చోటిచ్చింది. వీళ్లు తీసుకున్నారు! హిసార్ జిల్లా భగాణా అమ్మాయి అంతిమ్ పంఘాల్, అండర్-20 ప్రపంచ టైటిల్ గెలిచిన మొదటి భారతీయ అమ్మాయి. నాతో ఒక్కసారి బరిలో తలపడండని మాత్రమే అడిగింది. ఆమె, సుజీత్ కల్కల్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. పిటిషన్ కొట్టేశారు. 65 కిలోల ట్రయల్స్ గెలిచిన ఇంకో కుర్రాడు స్టాండ్‌బైగా మిగిలిపోయాడు. బజరంగ్ హాంగ్‌జౌలో పతకం లేకుండా తిరిగొచ్చాడు. దీనికేమంటావు?

లాయరు: తప్పంటాను. మెతకగా చెప్పను, అది తప్పే. ఎంపిక విధానంలో అలాంటి విచక్షణకు చోటు ముందునుంచే ఉంది. వీళ్లు కొత్తగా కనిపెట్టలేదు. కోర్టు కూడా నిపుణుల నిర్ణయంలో జోక్యం చేసుకోనంది. అయినా ఆ మినహాయింపు ఇవ్వకూడదు, తీసుకోకూడదు. నెలల తరబడి సాధన లేనివాళ్లకు సిద్ధమవడానికి గడువివ్వొచ్చు. గెలవకుండా చోటివ్వకూడదు. ఎందుకంటే ఆ ఒక్క నిర్ణయంతో, ఈ పోరాటం తమ కోసం కూడా అని నమ్మిన జూనియర్లు దూరమయ్యారు. ఆగస్టులో వినేశ్ మోకాలికి గాయమై తప్పుకుంటే అంతిమ్ వెళ్లి కంచు పతకం తెచ్చింది. అంతకు ముందే బెల్‌గ్రేడ్ ప్రపంచ పోటీల్లో కంచు గెలిచి పారిస్ కోటా తెచ్చింది. సుజీత్ 2025లో అండర్-23 ప్రపంచ చాంపియన్ అయ్యాడు. పిల్లలు అడిగింది సబబేనని పతకాలే చెప్పాయి.

మాస్టారు: ఇంత ఒప్పుకున్నాక ఇంకా వాళ్ల పక్షమే ఉంటావా?

లాయరు: వినేశ్ ట్రయల్స్ తప్పించుకోవడం వేరు, ఒక మహిళ వేధింపు గురించి చెప్పిన మాట వేరు. మొదటిది తప్పైతే రెండోది అబద్ధమైపోదు. ఆ కేసుల్లో నిజానిజాలు కోర్టు తేల్చాలి. 2024 మేలో మేజర్ రెజ్లర్ల కేసులో అభియోగాలు నమోదయ్యాయి. మైనరు కేసును 2025 మేలో కోర్టు మూసేసింది. రెండూ చెప్పాలి, చెబుతున్నాను. మీరు కూడా ఒకటి చెప్పండి. 2023 డిసెంబరు 21న ఎన్నికలయ్యాయి. బ్రిజ్‌భూషణ్ సన్నిహితుడు సంజయ్ సింగ్‌కు 40 ఓట్లు, పోటీ చేసిన మహిళ అనితా శ్యోరాణ్‌కు 7. సాక్షి బూట్లు బల్ల మీద పెట్టి ఆట వదిలేసింది. కొత్త కార్యవర్గం వెంటనే అండర్-15, అండర్-20 నేషనల్స్ ఎక్కడ ప్రకటించింది?

మాస్టారు: గోండా జిల్లా నందినీ నగర్‌లో.

లాయరు: ఎవరి జిల్లా అది?

మాస్టారు: బ్రిజ్‌భూషణ్‌ది. పద్నాలుగేళ్ల ఆడపిల్లల్ని అక్కడికే పంపమనడం తగదు. అది నేను సమర్థించను. కానీ మూడు రోజులకు క్రీడా శాఖ కొత్త కార్యవర్గాన్ని సస్పెండ్ చేసినప్పుడు, అదే నోటితో, అవే తేదీల్లో ఇంకో ఊళ్లో పోటీలు జరుగుతాయని ఎందుకు చెప్పలేదు? ఏడాదంతా ఎదురుచూసి, బరువు దించుకుని, రైలు టికెట్లు కొనుక్కున్న పిల్లలకు మిగిలింది ఏమిటి? జనవరి 3న వాళ్లు రోడ్డెక్కాకే, ఆరు వారాల్లో గ్వాలియర్‌లో పెడతామని అడ్‌హాక్ కమిటీ అంది. చివరికి పిల్లలు కూడా ధర్నా చేస్తేనే వినపడింది!

లాయరు: ఇక్కడ మనిద్దరిదీ ఒకే మాట. ఆ తర్వాత ఇంకా ఘోరం జరిగింది. 2024 జనవరి చివర్లో సస్పెండైన సమాఖ్య పుణేలో సీనియర్ నేషనల్స్ పెట్టింది. ఫిబ్రవరి మొదట్లో అడ్‌హాక్ కమిటీ జైపూర్‌లో ఇంకో సీనియర్ నేషనల్స్ పెట్టింది. ఒక దేశానికి రెండు జాతీయ చాంపియన్‌షిప్పులు. పుణే పోటీలకు గుర్తింపు లేదని, ఆ సర్టిఫికెట్లు ఉద్యోగాలకు పనికిరావని క్రీడా శాఖ అంది. ఎవరి పోటీకి వెళ్లాలో తేల్చుకోవాల్సిన భారం ఎవరి మీద పడింది?

మాస్టారు: ఆడేవాళ్ల మీద. మన తెలుగు రాష్ట్రాల పిల్లలకు ఇది ఇంకా గట్టిదెబ్బ. హర్యానా పిల్లవాడికి పక్క ఊళ్లో దంగల్ ఉంటుంది, వీధికో జోడీ ఉంటుంది. నేషనల్స్ లేకపోయినా వాడికి సాధన ఆగదు. మన పిల్లలు హర్యానా వాళ్లతో తలపడేది ఏడాదికి ఒకే చోట, నేషనల్స్‌లో. నాలుగు బౌట్లు ఓడిపోయినా, ఆ నాలుగింటిలో నేర్చుకున్నదే మళ్లీ ఏడాది దాకా దారి చూపిస్తుంది. అదీ తీసేశారు.

లాయరు: ఇది నేనెప్పుడూ ఈ వైపు నుంచి ఆలోచించలేదు మాస్టారూ. పోటీ రద్దయితే నష్టం అందరికీ సమానం కాదన్నమాట. తక్కువ ఉన్నవాడికే ఎక్కువ పోతుంది.

మాస్టారు: అందుకే అడుగుతున్నాను. పోయిన ఏడాది తిరిగివ్వండి. 2023లో వయసు దాటిపోయిన పిల్లలకు ఒక్క ఏడాది సడలింపు ఇస్తే ఏం పోతుంది?

లాయరు: అక్కడ ఒప్పుకోలేను. మన కుస్తీకి పట్టిన చీడ వయసు దొంగతనం. ఆలస్యంగా తీసిన జనన ధ్రువపత్రాలతో పద్దెనిమిదేళ్లవాడు పదిహేనేళ్ల పిల్లవాణ్ణి ఎత్తి పడేస్తున్నాడు. 2025లో సమాఖ్యే నకిలీ పత్రాల మీద కొందరు రెజ్లర్లను సస్పెండ్ చేసింది. వయసు గీత ఒక్కసారి చెరిపితే మళ్లీ గీయలేం. పైగా అంతర్జాతీయ పోటీల్లో మన సడలింపు చెల్లదు. చేయగలిగింది ఒకటుంది: ఉద్యోగాలకు, సీట్లకు 2022 ఫలితాన్ని ఇంకో ఏడాది లెక్కలోకి తీసుకోవడం.

మాస్టారు: 2022లో గాయంతో ఆడనివాడి సంగతి?

లాయరు: వాడికి నా దగ్గర జవాబు లేదు.

మాస్టారు: నా దగ్గర ఉంది, నువ్వు ఒప్పుకోవు. సరే, ముందుకు వెళదాం. ఇక మీదట ఇలా జరగకుండా ఏం చేయాలంటావు?

లాయరు: 2025 ఆగస్టులో పార్లమెంటు జాతీయ క్రీడా పరిపాలన చట్టం చేసింది. సమాఖ్యల మీద ఒక జాతీయ బోర్డు, తగాదాలకు ఒక ట్రిబ్యునల్, కార్యవర్గాల్లో క్రీడాకారులకు చోటు, మహిళలకూ మైనర్లకూ రక్షణ విధానం అందులో ఉన్నాయి. ఓటు తగాదాలు ఊరికో హైకోర్టులో నలగకుండా ఒకే చోట, త్వరగా తేలాలి. ఎంపికలో ట్రయల్స్ మినహాయింపు ఎవరికీ ఉండకూడదు, ఒలింపిక్ పతకం ఉన్నా సరే.

మాస్టారు: ఢిల్లీ చట్టం సోనీపత్ మట్టి దాకా రావడానికి తరం పడుతుంది. నేను చెప్పేది గురువులు రేపే చేయగలిగింది. ప్రతి అఖాడా గోడ మీద బయటి మనిషి ఫోన్ నంబరు ఒకటి రాసి పెట్టాలి. గురువుకు బంధువు కాని, ఊరి రాజకీయం లేని ఒక మహిళది. ఆడపిల్లల శిబిరంలో మహిళా కోచ్ లేకపోతే శిబిరమే పెట్టకూడదు. పెద్దల గొడవలో పిల్లల్ని బస్సెక్కించకూడదు, ఏ పక్షం వాళ్లయినా సరే. జనవరి 3న ఆ పిల్లల్ని తీసుకొచ్చిన కోచ్‌లకూ ఈ మాట వర్తిస్తుంది.

లాయరు: ఈ చివరి మాట మీ నోట వస్తుందనుకోలేదు.

మాస్టారు: పిల్లల గోడు నిజం. ఆ గోడును బస్సుల్లో నింపి మోసినవాళ్లందరి ఉద్దేశాలూ శుద్ధమని మాత్రం నేను ప్రమాణం చేయలేను. అయినా నీతో ఒక విభేదం మిగిలే ఉంది. ధర్నాకు ముందు గురువుల దగ్గరికి ఒక్కసారి రావాల్సిందన్నదే నా నమ్మకం.

లాయరు: వస్తే వినేవాళ్లన్న నమ్మకం వాళ్లకు కలిగించాల్సింది గురువులే అనేది నాది. ఇది ఈరోజు తేలదు. తేలాల్సింది మాత్రం ఒకటుంది. దెబ్బతిన్న అమ్మాయి నోరు విప్పితే పిల్లల ఏడాది పోయే పద్ధతి ఉన్నంతకాలం, ఆ పిల్లల పేరు చెప్పే ఆమె నోరు మూయిస్తారు. నీ వల్ల ఇంతమంది భవిష్యత్తు పోతుందమ్మా అంటారు. అంతకన్నా బలమైన బెదిరింపు ఉండదు. ఫిర్యాదు దారి వేరు, పోటీల క్యాలెండర్ దారి వేరు చేస్తే తప్ప ఇద్దరికీ న్యాయం జరగదు.

మాస్టారు: అయితే నీ చట్టంలో ఈ ఒక్క నిబంధన రాయించు. ఏ సమాఖ్యను సస్పెండ్ చేసినా, ఆ ఉత్తర్వులోనే జూనియర్ నేషనల్స్ ఏ ఊళ్లో, ఏ తేదీన, ఎవరి చేతుల మీదుగా జరుగుతాయో ఉండాలి. అది లేని ఉత్తర్వు చెల్లకూడదు.

లాయరు: ఆ వాక్యం నేను రాస్తాను మాస్టారూ. రాష్ట్రాల కుస్తీ సంఘాల నుంచి, గురువుల నుంచి సంతకాలు మీరు తెండి. హర్యానా నుంచి మొదలుపెట్టండి. అక్కడ రెండు సంఘాలున్నాయి కదా, రెండింటి సంతకాలూ కావాలి.